అన్న పేరు ఏ చీటీలో

రెగీనా ఒక పని పట్టుకుందంటే దాని అంతు తేల్చేదాకా వదలదని ప్షెమిశ్ల్ అనే పోలిష్ పట్నం తపాలా ఆఫీసులో చిన్నాపెద్దా అందరికీ తెలుసు. పార్సిళ్ళ కౌంటర్లో ఇరవై ఏళ్ళు కూర్చున్న మనిషి. చిరునామా సగం చెరిగిపోయిన మూటనైనా ఎవరిదో కనిపెట్టి చేర్చేది. అలాంటి మనిషికి నలభై దాటాక పూర్వీకుల పిచ్చి పట్టింది. ఇంకేముంది! ఆదివారాలు లేవు, సెలవులు లేవు. రికార్డుల ఆఫీసులోనో, ఏదో ఒక ఊరి ఫాదర్ గదిలోనో కూర్చుని జ్ఞానస్నానాల పుస్తకాలు తిరగేసేది. తండ్రి వైపు ఏడు తరాలు తవ్వి తీసింది. ఎవరు ఏ ఊళ్ళో పుట్టారో, ఏ నంబరు ఇంట్లో పుట్టారో, ఏ మంత్రసాని పురుడు పోసిందో అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పేది. వంటింటి గోడకు పటం తగిలించి, పుట్టిన ఊరికల్లా ఒక గుండుసూది గుచ్చింది. ఇంకో రెండు తరాలు వెనక్కి పోతే ఆదాము జ్ఞానస్నానం కాగితం కూడా పట్టుకొస్తావని పక్కింటావిడ ఎగతాళి చేస్తే, ఆదాముకు జ్ఞానస్నానం జరగలేదని సీరియస్‌గా జవాబిచ్చింది. అదీ మన రెగీనా.

తల్లి వైపు మాత్రం పటం మీద ఒక్కటే సూది. తర్నావ్కా. పట్నానికి పాతిక కిలోమీటర్ల దూరంలో కొండల్లో ఉన్న ఊరు. ఉన్న ఊరు అనకూడదు, ఉండిన ఊరు. యుద్ధం ముగిసిన ఏడే తగలబడిపోయింది. ఇప్పుడు అక్కడ ఎవరూ కోయని ఆపిల్ చెట్లు తప్ప ఏమీ లేవు. రెగీనా తల్లి అపోలోనియా 1936లో అక్కడ పుట్టింది. అంతకు మించి ఆవిడ నోటి నుంచి ఒక్క ముక్క రాబట్టడం కూతురి వల్ల కాలేదు. చిన్నప్పటి సంగతులు అడిగితే పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని లేచి వెళ్ళిపోయేది.

అలాంటిది, 1998లో ఒకరోజు భర్త ఇంట్లో లేని సమయం చూసి, బంగాళదుంపలు చెక్కు తీస్తూ, తల ఎత్తకుండా తనకు ఒక అన్న ఉండేవాడని చెప్పింది. పేరు ఎలియాష్, తనకంటే రెండేళ్ళు పెద్ద, యుద్ధం చివర్లో విడిపోయారు. నీ పుస్తకాల్లో వాడేమైనా దొరుకుతాడేమో చూడు అంది. రెగీనాకు నలభై ఒక్క ఏళ్ళు వచ్చాక ఒక మేనమామ పుట్టుకొచ్చాడు! ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదని నిలదీస్తే, నువ్వు అడగలేదుగా అని మళ్ళీ దుంపలు చెక్కుకుంది.

ఎందుకు వెతకమందో కూడా ఆ రోజే చెప్పింది. మా వైపు నవంబరులో సమాధుల పండుగకు ముందు, ఇంట్లో చనిపోయినవాళ్ళ పేర్లు చీటీ మీద రాసి ఫాదర్‌కు ఇస్తాం. ఆ నెలంతా సాయంత్రాలు ఆయన వాటిని పైకి చదువుతాడు, జనం వాళ్ళ ఆత్మల కోసం ప్రార్థిస్తారు. బతికున్నవాళ్ళకు వేరే చీటీ. దాని మీద ఆరోగ్యం కోసం పూజ చెప్పిస్తారు. అపోలోనియా యాభై మూడేళ్ళుగా అన్న పేరు ఈ చీటీలోనూ రాయలేదు, ఆ చీటీలోనూ రాయలేదు. చనిపోయినవాళ్ళలో రాస్తే తన చేత్తో తనే చంపినట్టు. బతికున్నవాళ్ళలో రాస్తే, ఒకవేళ పోయి ఉంటే, వాడి ఆత్మకు ఈ భూమ్మీద దిక్కులేనట్టు. ఎటూ రాయలేక ఏటా ఆ పేరు లేకుండానే చీటీ ఇచ్చి వచ్చేది. తను పోయేలోగా ఏదో ఒకటి తేలితే చాలని, వేరే ఏమీ అక్కర్లేదని చెప్పింది.

ఇంత చిన్న కోరిక తీర్చలేనా అని రెగీనా నడుం బిగించి బయల్దేరింది. తర్నావ్కా చర్చి పుస్తకాలు కాలిపోకుండా రికార్డుల ఆఫీసుకు చేరాయి. తల్లి జ్ఞానస్నానం వివరాలు ఒక్క పూటలో దొరికాయి: తల్లి విక్తోరియా, తండ్రి పెత్రో, జ్ఞాన తల్లిదండ్రులు ఫలానా. జిరాక్స్ తీయించుకుంది. ఆ తర్వాత ఎలియాష్ కోసం 1925 నుంచి 1945 దాకా పేజీ పేజీ తిప్పింది. లేడు. పొరపాటున దాటేశానేమోనని మళ్ళీ తిప్పింది. మూడోసారి వేలు పెట్టి ఒక్కో వరుసా చదివింది. ఆ ఇంట్లో పుట్టింది ఒక్క అపోలోనియాయే, అబ్బాయి ఎవరూ పుట్టలేదు.

రెగీనాకు పుస్తకం అంటే ఎంత నమ్మకమంటే, పుస్తకంలో లేని మనిషి లోకంలో లేనట్టే. 1999లో ఒక ఆదివారం మధ్యాహ్నం అందరూ భోజనానికి కూర్చున్నప్పుడు ఆ సంగతి బయటపెట్టింది. అమ్మకు అన్న అంటూ ఎవరూ లేరని, మూడుసార్లు చూశానని, బహుశా పక్కింటి అబ్బాయెవరినో అన్నా అని పిలిచి ఉంటుందని వివరంగా చెప్పింది. తండ్రికి అప్పుడే మొదటిసారి ఈ కథ తెలియడం. చిన్నప్పుడు మీ అమ్మకు టైఫాయిడ్ వచ్చి తల కొంచెం తేడా చేసిందిలే అని ఆయన నవ్వాడు. రెగీనా కూడా నవ్వింది. అపోలోనియా లేచి, అందరికీ ఇంకో గరిటె బీట్‌దుంప చారు పోసింది. ఆ తర్వాత ఏడేళ్ళు అన్న మాట ఎత్తలేదు.

తండ్రి 2004లో పోయాడు. 2006 వసంతంలో అపోలోనియా గుండె మొండికేసింది. నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం, కాళ్ళు వాచిపోవడం. డాక్టరు నెలలు లెక్కబెట్టి చెప్పలేదు గానీ ఆయన మొహం చూస్తే చెప్పినట్టే ఉంది. ఆస్పత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చిన రోజు, మంచం మీద వెనక్కి వాలుతూ ఆవిడ రెగీనా మణికట్టు పట్టుకుంది.

"ఇంకొక్కసారి చూడవే. నా మాట మీద కాదు, నా ప్రాణం మీద చూడు."

ఏడేళ్ళ కిందట నవ్వినందుకు రెగీనాకు అప్పుడు సిగ్గేసింది. పాత ఫైలు దుమ్ము దులిపి, జిరాక్స్ కాగితం తీసుకుని రికార్డుల ఆఫీసుకు వెళ్ళింది. ఈసారి బల్ల దగ్గర జెనోబియుష్ ఉన్నాడు. రిటైరైనా ఇంట్లో తోచక వారానికి రెండు రోజులు వచ్చి కూర్చునే ముసలాయన. మట్టిరంగు కోటు, దాని జేబులో ఎప్పుడూ ఒక ఉల్లిపాయ రొట్టె. రెగీనా చెప్పిందంతా విని, కాగితాన్ని కళ్ళ దగ్గరికి, దూరానికి జరిపి చూసి, అద్దాల పైనుంచి రెగీనా వైపు చూశాడు.

"కొడుకుని తల్లి గుళ్ళో వెతుకుతున్నారేంటమ్మా? పెళ్ళాం పుట్టింట్లో దాక్కున్న మొగుడిలాగా?"

రెగీనాకు అర్థం కాలేదు. ఆయన గోటితో ఒక చోట గీసి చూపించాడు. పెత్రో పేరు కింద చిన్న అక్షరాల్లో లాటిన్‌లో రాసి ఉంది: గ్రీకు రీతి. అంటే పెత్రో రుసిన్ మనిషి, ఆ కొండల్లోనే ఉండే వేరే జాతి, వాళ్ళ గుడి వేరు, దాన్ని వాళ్ళు సెర్క్వా అంటారు. విక్తోరియా పోలిష్ మనిషి, చర్చికి పోయేది. అలాంటి పెళ్ళిళ్ళు ఆ కొండల్లో కొల్లలు. కొడుకులు పుడితే తండ్రి గుళ్ళో జ్ఞానస్నానం, కూతుళ్ళు పుడితే తల్లి గుళ్ళో. ఒకే ఇంట్లో, ఒకే కంచంలో తిన్న పిల్లలు రెండు పుస్తకాల్లో ఉండేవాళ్ళు. మా అమ్మమ్మ ఇంట్లో రెండు క్రిస్మస్‌లు చేసేవాళ్ళని, పిల్లలకు పండగే పండగని ముసలాయన చెప్పుకుంటూ పోయాడు.

"ఇది మీ చేతిలో ఎన్నేళ్ళ నుంచి ఉంది?" అని అడిగాడు చివరికి.

"ఏడేళ్ళండీ. ఆ మాట చూశాను. అందరూ క్యాథలిక్కులే కదా, ఏ రీతి అయితే ఏముందిలే అనుకున్నాను."

జెనోబియుష్ ఇక హాస్యమాడలేదు. లోపలికి వెళ్ళి తర్నావ్కా సెర్క్వా పుస్తకం తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. 1934, ఆగస్టు రెండు. ఎలియాష్. తల్లి విక్తోరియా, చర్చి మనిషి. తండ్రి పెత్రో, లిపోవెట్స్ ఊళ్ళో పుట్టినవాడు. ఇన్నేళ్ళలో ఏ పూర్వీకుడు దొరికినా రెగీనా అక్కడికక్కడే పొంగిపోయేది. ఆ రోజు పుస్తకం మూసి, జిరాక్స్ కూడా అడక్కుండా లేచి వచ్చేసింది.

ఇంటికొచ్చి తల్లి పక్కన కూర్చుని, మీ నాన్న సెర్క్వా మనిషని నాకెందుకు చెప్పలేదమ్మా అంది. అపోలోనియా దుప్పటి అంచు మడతపెట్టింది. ఆ తర్వాత, అరవై ఒక్క ఏళ్ళు కడుపులో దాచుకున్నదంతా, గుక్క తిప్పుకోవడానికి ఆగుతూ ఆగుతూ చెప్పింది.

1945 శరత్కాలంలో సైనికులు జాబితాతో వచ్చారు. సెర్క్వా కాగితం ఉన్నవాళ్ళు తూర్పు సరిహద్దు అవతలికి పోవాలి, చర్చి కాగితం ఉన్నవాళ్ళు ఉండొచ్చు. తండ్రీ అన్నా పోవాల్సినవాళ్ళలో, తల్లీ తనూ ఉండాల్సినవాళ్ళలో తేలారు. రెండు గంటలు గడువిచ్చారు. ముసలి నాయనమ్మ మంచంలో ఉంది, ఆవిడను వదిలి కదల్లేక, మీరు పదండి, వారంలో మేమూ వస్తామని విక్తోరియా భర్తను సాగనంపింది. ఆ వారంలోనే ఊరు తగలబడింది. నాయనమ్మ పోయింది. తల్లీ కూతుళ్ళు అడవిలో దాక్కుని, నడుచుకుంటూ పట్నం చేరారు. రుసిన్ అన్న వాసన తగిలితే బతకనివ్వని రోజులవి. విక్తోరియా కూతురి చేత శిలువ మీద ఒట్టు వేయించింది: నీకు నాన్న లేడు, అన్న లేడు, మనం మొదటి నుంచీ చర్చివాళ్ళమే. పెద్దయ్యాక పెళ్ళి చేసుకున్నవాడు ఎవరు? ఆ జాతి చేతుల్లోనే సొంత అన్నను పోగొట్టుకున్నవాడు. తాగినప్పుడల్లా వాళ్ళను బూతులు తిట్టేవాడు. ఆ ఇంట్లో నలభై ఎనిమిదేళ్ళు కాపురం చేసింది.

"అయినా నేను లేడని చెప్పినప్పుడైనా ఒక్క మాట అనాల్సింది కదమ్మా."

"ఏమనమంటావే? మీ నాన్న పక్కనే కూర్చుని చారు తాగుతున్నాడు." తర్వాత చాలా నెమ్మదిగా, "ఇంట్లో వాణ్ణి ఇల్కో అనేవాళ్ళం" అంది. ఆ పేరు ఆ ఇంట్లో వినబడడం అదే మొదలు.

లిపోవెట్స్ ఎక్కడుందో రెగీనాకు పటం చూస్తే తెలిసిపోయింది. సరిహద్దుకు అవతల, నలభై కిలోమీటర్ల దూరం. గేటు దగ్గర కాపలా కాసే సమయం కలుపుకున్నా బస్సులో నాలుగు గంటలు. సైబీరియాకో ఎడారికో తీసుకుపోయి ఉంటారని అపోలోనియా అనుకుంటూ వచ్చింది. తండ్రి పుట్టిన ఊరి పేరు తొమ్మిదేళ్ళ పిల్లకు ఎవరు చెబుతారు? పట్నంలోని సెర్క్వా గురువు ఫాదర్ మిరోన్ దగ్గరికి రెగీనా వెళ్ళింది. ఉన్న ఊరి నుంచి వెళ్ళగొట్టబడ్డవాడు తన తండ్రి తాతల ఊరికే చేరి ఉంటాడని ఆయన కూడా అన్నాడు. లిపోవెట్స్ గురువుకు తనే ఉత్తరం రాసిపెట్టాడు.

ఆ ఉత్తరం వెళ్ళిన దగ్గర్నుంచి అపోలోనియా వేరే మనిషయిపోయింది. డాక్టరు ఉప్పు లేకుండా తినమంటే మొహం చిట్లించే ఆవిడ, పెట్టినదంతా తినడం మొదలెట్టింది. వేళకు మాత్రలు అడిగి మింగేది. జుట్టు కత్తిరించమంది. వాడికి గసగసాల రొట్టె ఇష్టమని, ఒకవేళ రాగలిగితే ముందు గదిలో పడుకోబెట్టాలని, డెబ్బై రెండేళ్ళవాడు కదా మెట్లు ఎక్కగలడో లేదోనని ఒకటే గొణుగుడు. మనిషికి ఇంత ఆశ ఉంటుందని రెగీనాకు అంతవరకు తెలియదు. చూసి భయపడింది. అమ్మా, ఉన్నాడో లేడో ఇంకా తెలియదు కదా అని ఒకసారి అనబోయి మానేసింది. ఏడేళ్ళ కిందట ఒకసారి లేడన్న నోరు అది.

అక్టోబరు మూడో వారంలో ఫాదర్ మిరోన్ కబురు పెట్టాడు. ఉత్తరం రుసిన్ లిపిలో ఉంది, రెగీనాకు ఒక్క అక్షరం రాదు. ఆయన గుడి వెనక గదిలో కూర్చోబెట్టి, నెమ్మదిగా పోలిష్‌లోకి మార్చి చదివి వినిపించాడు. విన్నాక రెగీనా, ఇంకోసారి చదవండి ఫాదర్ అంది. ఆయన ఇంకోసారి చదివాడు. రెండోసారీ అవే మాటలు.

ఇంటికి వెళ్ళే బస్సులో రెగీనా ఒక పథకం వేసుకుంది. ఇల్కో ఎప్పుడో, 1950లోనే జ్వరంతో పోయాడని చెప్పాలి. అప్పుడు తల్లి ఏడుస్తుంది, చీటీ రాయిస్తుంది, తేలిపోయిందని ఊరుకుంటుంది. తన ఏడేళ్ళ తప్పు కూడా అందులో కొట్టుకుపోతుంది. అవును, తన కోసం కూడా. బస్సు దిగే లోపు ఆ మాటలు నాలుగుసార్లు లోపల్లోపలే వల్లెవేసుకుంది.

అపోలోనియా దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. కూతురి మొహం చూసి చేయి చాపింది.

"ఇలా ఇవ్వు."

"నేను చెబుతానమ్మా. అది వాళ్ళ లిపిలో ఉంది, నీకు రాదు."

"ఇవ్వమన్నానా."

ఇచ్చింది. అపోలోనియా కళ్ళద్దాలు పెట్టుకుని, చూపుడు వేలు మొదటి మాట కింద పెట్టి, పైకి చదవడం మొదలెట్టింది. తడబడుతూ, కూడబలుక్కుంటూ, కానీ చదివింది. తండ్రి ప్రార్థన పుస్తకంలో నేర్పిన అక్షరాలట. అరవై ఏళ్ళుగా ఒక్క మనిషికి తెలియనివ్వని అక్షరాలు. రెగీనా మంచం కోడు పట్టుకుని నిలబడిపోయింది. బస్సులో వల్లెవేసుకున్న మాటలు ఎందుకూ పనికిరాలేదు.

ఉత్తరంలో ఉన్నది ఇది. మీరు అడిగిన ఇల్కో మా ఊళ్ళో దాదాపు అరవై ఏళ్ళు ఉన్నాడు, బండ్లకు చక్రాలు చేసేవాడు, మా పాటల గుంపులో పాడేవాడు. మూడేళ్ళ కిందట, ఈస్టరుకు ముందు ఉపవాస దినాల్లో పోయాడు. భార్య పరస్కా ఉంది, పిల్లలు లేరు. తండ్రి పెత్రో ఎప్పుడో ఇక్కడే పోయాడు. తర్నావ్కా తగలబడ్డప్పుడు తల్లీ చెల్లెలూ ఇంట్లోనే కాలిపోయారని రైలెక్కే చోట ఎవరో చెప్పారట. ఆ ఏడాది నుంచే చనిపోయినవారి జాబితాలో విక్తోరియా, అపోలోనియా అని రెండు పేర్లు ఇస్తూ వచ్చాడు. సర్కారు గుడి మూయించిన రోజుల్లో ఇంట్లో కొవ్వొత్తి వెలిగించి తనే చదువుకునేవాడు. ఇప్పుడు పరస్కా ఇస్తోంది. మొన్న శనివారం కూడా చదివాం.

అపోలోనియా చివరి వరుస రెండుసార్లు చదివింది. ఉత్తరం మడిచి, కవరులో పెట్టి, కవరు దుప్పటి మీద పెట్టి అరచేత్తో సాపు చేసింది.

"మూడేళ్ళ కిందట" అంది. "అంటే నువ్వు లేడన్నప్పుడు ఉన్నాడు."

"అవునమ్మా."

రెగీనా ఏడ్చింది. తల్లి ఏడవలేదు, కూతురిని తిట్టనూ లేదు. తిట్టి ఉంటే రెగీనా ఆ రాత్రి నిద్రపోయేది. ఆవిడ కిటికీ వైపు చూస్తూ, తనలో తను మాట్లాడుకున్నట్టు అంది:

"నేను వాణ్ణి ఒక్క ఏడాది కూడా చావనివ్వలేదు. వాడు నన్ను ఆ వారంలోనే పంపించేశాడు."

సమాధుల పండుగ చీటీ ఇవ్వడానికి గడువు ఆ ఆదివారమే. శనివారం మధ్యాహ్నం రెగీనా మంచం పక్కన కూర్చుని, ఎప్పుడూ రాసే పేర్లన్నీ రాసింది: నాన్న, అమ్మమ్మ విక్తోరియా, ముత్తవ్వలు, తాతలు. పెత్రో పేరు మొదటిసారి రాసింది. తర్వాత ఎలియాష్ అని రాసి, రాశానమ్మా అంది. అపోలోనియా చీటీ అడిగి తీసుకుంది, కలం కూడా తీసుకుంది. ఎలియాష్ పేరు కింద తన తండ్రి నేర్పిన అక్షరాల్లో తన పేరు రాసుకుంది. బతికున్నవాళ్ళ పేరు ఇందులో రాయకూడదమ్మా అని రెగీనా గట్టిగానే అంది.

"అక్కడ అరవై ఏళ్ళుగా చదువుతున్నారు. ఇక్కడ ఒక్కసారి చదివితే కొంపేం మునగదు. మా ఇద్దరి పేర్లూ ఒక్క పుస్తకంలో ఎలాగూ లేవు, ఒక్క చీటీలోనైనా ఉండనీ."

చర్చిలో ఫాదర్ ఆ చీటీ చూసి, ఈ చివరి వరుస ఏమిటో నాకు తెలియడం లేదు, ఎవరమ్మా అని అడిగాడు. మా అమ్మ, ఇంకా ఉంది ఫాదర్, తనే రాసుకుంది అని రెగీనా చెప్పింది. ఆయన మంచివాడు. ఆ వరుస మీద ఒక గీత గీసి, ఆవిడ కోసం విడిగా ప్రార్థిస్తానన్నాడు. నవంబరు రెండో తేదీ సాయంత్రం రెగీనా మూడో బెంచీలో కూర్చుని విన్నది. ఎలియాష్ అని చదివాడు, వెంటనే ఇంకో ఇంటివాళ్ళ చీటీలోకి వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చేసరికి అపోలోనియా మేలుకునే ఉంది. రెగీనా కోటు విప్పకముందే అడిగింది.

"ఇద్దరినీ చదివారా?"

జీవితంలో కాగితం మీద లేని మాట ఒక్కటి కూడా చెప్పని రెగీనా, తల్లి కళ్ళలోకి చూస్తూ, "చదివారమ్మా, పక్కపక్కనే చదివారు" అంది.

"అయితే సరే" అంది అపోలోనియా. బల్ల మీది మాత్రల డబ్బాను రెగీనా వైపు తోసి, రేపటి నుంచి అవి తేవద్దంది.